ఆ సంచి ఎక్కడ పెట్టాలి?

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

నన్ను పిలిచినవాళ్ళు ఒక ప్రశ్న ఇచ్చి దాని మీద మాట్లాడమన్నారు. ఇల్లు లేనివాళ్ళు, పేదరికంలో కూరుకుపోయినవాళ్ళు, తాగుడుకో మత్తుమందుకో అలవాటు పడ్డవాళ్ళు అందులోంచి ఎందుకు బయటపడలేకపోతున్నారు? ఇదీ ప్రశ్న. ఇదే ప్రశ్నని ఇళ్ళల్లో మనం ఇంకోలా అడుగుతాం. "వీళ్ళు ఎందుకు మారరు?" అంటాం. "ఎంత చేసినా అంతే" అంటాం. ఇల్లు లేనివాళ్ళు రాత్రి తలదాచుకునే షెల్టర్‌లో పనిచేయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే అడిగేదాన్ని. ఒక మనిషి వల్ల, నిజం చెప్పాలంటే ఒక సంచి వల్ల, ఆ ప్రశ్న అడగడం మానేశాను. ముందు ఆ సంచి గురించి చెప్తాను.

ఒకాయన. నలభై దాటి ఉంటాయి. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. తాగుడు మానేసి అప్పటికి ఇరవై రోజులైంది. ఇరవై రోజులంటే మనకి ఏమీ కాదు. మానేసినవాడికి అది ఇరవై సాయంత్రాలు, ఒక్కొక్కటీ లెక్కే. ఒక గోడౌన్‌లో పని ఉందని తెలిసి ఇంటర్వ్యూకి బయల్దేరాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. పక్కతని చొక్కా అడిగి వేసుకున్నాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "కాలర్ సరిగ్గా ఉందా అక్కా?" అని అడిగాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. ఏమైంది అన్నాను. "లోపలికే పోలేదక్కా" అన్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడట. "ఈ సంచి ఏంటి? ఎక్కడన్నా పెట్టి రా" అన్నాడట. ఆ వాచ్‌మన్ తప్పు కూడా లేదు, సంచులతో లోపలికి పంపొద్దని అతనికి చెప్పి ఉంటారు. ఈయన ఆ గేటు బయట గంటసేపు నిలబడ్డాడు. నిలబడి తిరిగొచ్చేశాడు. నాతో ఒక్క మాట అన్నాడు. "ఎక్కడ పెట్టాలక్కా?"

ఆ రోజు మొదటిసారి ఆ సంచిని సరిగ్గా చూశాను. ఒక పట్టీ తెగిపోతే నైలాన్ తాడుతో కట్టుకున్నాడు. లోపల ఒక దుప్పటి, ఒక జత బట్టలు, ఛార్జింగ్ లేని ఫోను. అన్నిటికంటే అడుగున, పాలిథిన్ కవర్లో మూడు చుట్లు చుట్టిన కాగితాలు. గుర్తింపు కార్డు, పాత ఆసుపత్రి చీటీలు, ఎప్పటిదో పని చేసిన చోట ఇచ్చిన సర్టిఫికెట్. ఒకసారి వానకి తడిసి మళ్ళీ ఆరిన కాగితాలు ఎలా ఉంటాయో తెలుసుగా, అలా బిరుసెక్కి ఉన్నాయి. ఆయన ఆస్తి అంతా అదే. మరి దాన్ని గేటు బయట వదిలి ఎలా వెళ్తాడు? మీరైతే వెళ్తారా?

ఇంకో సంగతి ఉంది, అది చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. ఆ సంచి ఆయన భుజాన ఎందుకుంది? పొద్దున ఏడింటికల్లా అందరూ సామాను తీసుకుని బయటికి వెళ్ళాలని మా షెల్టర్‌లోనే రూలు ఉండేది కాబట్టి. రూలు మాది. మేమే ఆ సంచి ఆయన భుజానికి తగిలించాం. మేమే మళ్ళీ, "పని వెతుక్కోవయ్యా, ఇలా ఎన్నాళ్ళు?" అని అడిగాం.

పెద్దవాళ్ళు ఒక మాట అంటారు కదా. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఈ మనుషుల జీవితం మొత్తం ఆ సామెతలో ఇరుక్కుని ఉంది. అద్దెకి ఇల్లు కావాలంటే ఉద్యోగం చూపించమంటారు. ఉద్యోగం కావాలంటే అడ్రస్ చూపించమంటారు. డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాలంటే, బయటికొచ్చాక ఎక్కడ ఉంటావు, ఎవరు చూసుకుంటారు అంటారు. ఇంటికి పోతానంటే, ముందు మందు మానేసి రా అంటారు. ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా, ఆ గది లోపల దొరికేదాన్నే గుమ్మం దగ్గర అడుగుతున్నారు. ఈ మాట మళ్ళీ చెప్తాను. లోపల దొరికేదాన్ని గుమ్మం దగ్గరే అడుగుతున్నాం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీన్ని వివరించడమే.

ఒక విషయం ముందే స్పష్టంగా చెప్పాలి. ఇల్లు లేనివాళ్ళంతా తాగేవాళ్ళు కారు. పేదవాళ్ళంతా రోడ్డున పడరు. ఇక తాగేవాళ్ళంటారా, అన్ని రకాల ఇళ్ళల్లోనూ ఉన్నారు. పెద్ద ఇళ్ళల్లోనూ ఉన్నారు. ఉన్నవాడు తాగితే అతని కింద పరుపు ఉంటుంది. సెలవు దొరుకుతుంది, మంచి డాక్టరు దొరుకుతాడు, అప్పు తీర్చే అన్నయ్య ఉంటాడు. లేనివాడు అదే తాగుడు తాగితే కింద రాయి ఉంటుంది. రోడ్డు మీదికి వచ్చాక తాగడం మొదలుపెట్టినవాళ్ళని కూడా నేను చాలామందిని చూశాను. ఎందుకు మొదలుపెట్టావు అంటే వాళ్ళు చెప్పేది ఒకటే మాట. "నిద్ర పట్టదక్కా."

ఆ నిద్ర సంగతి ఒక్క నిమిషం ఆలోచించండి. చెప్పులు తల కింద పెట్టుకుని పడుకుంటారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. సంచి పట్టీ మణికట్టుకి కట్టుకుంటారు. ఎవరైనా లాగితే మెలకువ వస్తుందని. అంటే ఆ మనిషి నిద్రపోవడం లేదు, కాపలా కాస్తున్నాడు. ఆడవాళ్ళయితే చెప్పనే అక్కర్లేదు, రాత్రంతా కూర్చునే తెల్లవారుస్తారు. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు ఆఫీసులో మనం ఎలా ఉంటాం? చిన్న మాటకి కోపం వస్తుంది, పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఇది ఏడాది పొడుగునా ఉంటే? అలాంటి మనిషిని కౌంటర్ ముందు నిలబెట్టి, "ఈ ఫారం నింపు, ఫలానా తారీకున రెండు జిరాక్సులతో రా" అంటాం. అతను ఆ తారీకున రాడు. "చూశారా, వీళ్ళకి పట్టింపే లేదు" అంటాం.

పట్టింపు లేక కాదండీ. ఒక పరిశోధన చెప్తాను. సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్త, ఎల్డార్ షఫీర్ అనే మనస్తత్వవేత్త, ఇంకా వాళ్ళతో పనిచేసినవాళ్ళు తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి కొన్ని పరీక్షలు పెట్టారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చెరకు రైతుకి డబ్బు ఏడాదికి ఒకసారి, కోత అయ్యాక వస్తుంది కదా. కోతకి ముందు చేతిలో ఏమీ ఉండదు, అప్పులు ఉంటాయి. కోత తర్వాత కాస్త ఊపిరి ఆడుతుంది. అదే రైతుకి కోతకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బుద్ధికి పదును పెట్టే పరీక్షలు పెట్టారు. డబ్బు కటకటగా ఉన్నప్పుడు బాగా తక్కువ చేశారు. చేతిలో డబ్బు ఆడినప్పుడు బాగా చేశారు. మనిషి మారలేదు, చదువు మారలేదు, తెలివి మారలేదు. చేతిలో డబ్బు ఒక్కటే మారింది. ఇది విన్నప్పుడు నాకు మా షెల్టర్‌లోవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళు ఎప్పుడూ కోతకి ముందే ఉంటారు. వాళ్ళకి కోత రాదు.

సరే, ఇప్పుడు పని సంగతికి వద్దాం. ఎవరో దయగల మనిషి నెల జీతం మీద ఉద్యోగం ఇచ్చాడనుకోండి. ఒకటో తారీకున చేరితే జీతం ఎప్పుడు? వచ్చే నెల మొదటి వారంలో. అంటే ముప్పై అయిదు రోజులు. ఈ ముప్పై అయిదు రోజులు ఏం తింటాడు? పనికి ఎలా వెళ్ళొస్తాడు? మనకి ఇల్లు ఉంది, ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది, గడిచిపోతుంది. రెక్కాడితే గానీ డొక్కాడదు అనేది మనకి సామెత, అతనికి ఆ రోజు లెక్క. రోజు కూలి అయితే సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది. అందుకని వారం చూసి, పదిరోజులు చూసి, ఆ ఉద్యోగం వదిలేసి మళ్ళీ కూలి అడ్డా దగ్గరికి పోతాడు. ఆ ఉద్యోగం ఇచ్చిన పెద్దమనిషి ఏమంటాడు? "మంచి పని ఇప్పిస్తే నాలుగు రోజులు చేసి మానేశాడు, కష్టపడే బుద్ధి లేదు" అంటాడు. నిజానికి అతను వెళ్ళింది ఇంకా కష్టమైన పనికి.

డ్యూటీ ఏడింటిదాకా ఉంటుంది. షెల్టర్ తలుపులు ఆరింటికి తెరుస్తారు, ఏడింటికల్లా మంచాలు నిండిపోతాయి. ఉద్యోగం నిలబెట్టుకుంటే రాత్రికి చోటు ఉండదు. చోటు నిలబెట్టుకుంటే ఉద్యోగం ఉండదు. పొదుపు చేసుకోవచ్చుగా అంటారు. నెల అద్దె, అడ్వాన్సు ఒక్కసారిగా పెట్టలేనివాడు రోజువారీ గదికి డబ్బు కడతాడు. నెల మొత్తం లెక్కేస్తే అది మామూలు అద్దెని మించిపోతుంది. లేనివాడికి ప్రతిదీ ఎక్కువ ధరకే దొరుకుతుంది, అప్పుతో సహా. ఎలాగో మొదటి జీతం వచ్చినా, అది వచ్చిందని ముందు తెలిసేది అప్పులవాళ్ళకే.

ఇక తాగుడు, మత్తు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే మీలో కొందరి ఇళ్ళల్లో ఈ బాధ ఉందని నాకు తెలుసు.

"ఒక్కసారి గట్టిగా అనుకుంటే మానేయొచ్చు" అని ఇంకా చాలామంది నమ్ముతారు. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో తెలుసా? చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి కొందరికి లేనివి కనిపిస్తాయి, లేనివి వినిపిస్తాయి, ఎక్కడున్నామో తెలియదు. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. పట్టుదలతో మానేయమని మనం సలహా ఇస్తున్నది అలాంటి దానికి. ఇల్లూ మంచమూ లేనివాడు ఆ మూడు రోజులు ఎక్కడ గడుపుతాడు? ఫుట్‌పాత్ మీదా? దయచేసి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎక్కువ తాగే మనిషిని ఒక్కసారిగా ఆపెయ్యమని ఒత్తిడి పెట్టకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

శరీరం సంగతి అది. మరి చోటు సంగతి? వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికా సైనికుల్లో చాలామంది అక్కడ హెరాయిన్‌కి అలవాటు పడ్డారు. 1971లో తిరిగొస్తున్నవాళ్ళని ఎంచుకుని, లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తర్వాత వాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపి మాట్లాడించింది. దాదాపు 20 శాతం మంది అక్కడ ఉండగా పూర్తిగా బానిసలయ్యామని చెప్పారు. దేశమంతా భయపడింది, ఇంతమంది వచ్చి ఇక్కడ ఏం చేస్తారో అని. తీరా చూస్తే, అలా బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ ఆ స్థితికి వెళ్ళినవాళ్ళు సుమారు 5 శాతం. మూడేళ్ళకి చూసినా 12 శాతం. మామూలుగా హెరాయిన్ మానినవాళ్ళలో చాలా ఎక్కువమంది తిరిగి పడిపోతారు. మరి వీళ్ళు ఎలా నిలబడ్డారు?

వీళ్ళు వాడిన చోటు వేరు, తిరిగొచ్చిన చోటు వేరు. ఆ భయం లేదు, ఆ స్నేహితులు లేరు, అమ్మేవాడు లేడు. ఇల్లు ఉంది, తనవాళ్ళు ఉన్నారు, చెయ్యడానికి పని ఉంది. ఇప్పుడు మా షెల్టర్‌కి వచ్చే మనిషిని తీసుకోండి. నలభై అయిదు రోజులు సెంటర్‌లో ఉండి, కళ్ళు తేటపడి, ఒళ్ళు కుదుటపడి బయటికొస్తాడు. వచ్చి ఎక్కడికి వెళ్తాడు? అదే ఫ్లైఓవర్ కిందికి. అదే మూల, అదే వాసన, అదే ముగ్గురు స్నేహితులు. అంటే సైనికులు యుద్ధంలోంచి ఇంటికి వచ్చారు, మనం ఈ మనిషిని బాగుచేసి మళ్ళీ యుద్ధంలోకి పంపుతున్నాం.

అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. హెరాయిన్ లాంటివి కొన్నాళ్ళు మానేస్తే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదు మళ్ళీ తీసుకుంటే అదే ప్రాణం తీయొచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి 2007లో ప్రచురించారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 12 రెట్లకి పైగా ఉంది. అందులో అతి పెద్ద కారణం మత్తుమందు మోతాదు మించడమే. విడుదల రోజు అంటే మనం మంచి రోజు అనుకుంటాం. ఆ రెండు వారాలు ఒక మనిషి పక్కన ఉండాలి. ఎవరూ ఉండరు.

మళ్ళీ మొదలుపెట్టాడు అనగానే మనం చేతులు దులిపేసుకుంటాం. "ఇంత ఖర్చు పెట్టాం, అంతా బూడిదలో పోసిన పన్నీరు" అంటాం. వైద్యం తీసుకున్నాక మళ్ళీ వాడినవాళ్ళు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారని డాక్టర్లు చెప్తారు. ఎక్కువే. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళలో మళ్ళీ జబ్బు ముదిరేవాళ్ళు కూడా దాదాపు అంతే, ఇంకాస్త ఎక్కువే. బీపీ మాత్ర నెలరోజులు మానేసి మళ్ళీ బీపీ పెరిగినవాణ్ణి ఆసుపత్రి గేటు బయటికి గెంటేస్తామా? మాత్ర మార్చి ఇస్తాం. మరి ఇక్కడ మాత్రం "నువ్వు మోసం చేశావు" అంటాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది లెక్కల్లో దొరకదు. అసలు నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బయటపడడం అంటే తనవాళ్ళని వదులుకోవడం కూడా. మనం ఈ సంగతి చెప్పం. రోడ్డు మీద బతికేవాళ్ళు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు. జ్వరం వస్తే టీ తెచ్చిచ్చింది పక్కతను. వానలో దుప్పటి సగం ఇచ్చింది ఇంకొకామె. ఇంటివాళ్ళు తలుపు వేసుకున్న రోజు తిండి పెట్టినవాళ్ళు వీళ్ళే. వాళ్ళంతా తాగుతారు. నిజమే. "చెడు స్నేహాలు మానెయ్" అని కౌన్సెలింగ్‌లో మేం చెప్తాం. ఆ చెడు స్నేహాలే అతని చుట్టాలు అని మేం ఆలోచించం. మొదటి జీతం వచ్చిన రోజు ఆ పక్కతను వచ్చి, కాలికి దెబ్బ తగిలింది, మందులకి సాయం చెయ్యి అంటాడు. ఇవ్వాలా వద్దా? ఇస్తే అద్దె ఉండదు. ఇవ్వకపోతే, మొన్న తనని కాపాడిన మనిషిని కాదన్నట్టు. మీరైతే ఏం చేస్తారు? నేనైతే ఇస్తాను. మనం మంచితనం అని పిలిచేది ఏదో, దానివల్లే అతను మళ్ళీ కిందికి జారుతున్నాడు.

మానేశాక సాయంత్రాలు ఉంటాయి. తాగే మనిషికి ఆరు నుంచి పది దాకా చేతినిండా పని. డబ్బు పోగుచెయ్యాలి, కొనాలి, కూర్చోవాలి, మాట్లాడాలి. మానేశాక ఆ నాలుగు గంటలు అలా మిగిలిపోతాయి. ఒకమ్మాయి నాతో అంది, "నొప్పికంటే ఈ ఖాళీయే భరించలేకపోతున్నానక్కా" అని. ఆ ఖాళీని పట్టించుకున్న వైద్యం తక్కువ. 1935 నుంచి మద్యపానం మానినవాళ్ళు ఒకచోట చేరి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఇన్ని దేశాలకి ఎందుకు పాకాయి అంటే, అవి సాయంత్రం పూట ఒక కుర్చీ ఇస్తాయి. పేరు పెట్టి పలకరించే మనిషిని ఇస్తాయి. అన్ని సమస్యలూ అక్కడ తీరవు, కానీ ఆ కుర్చీ విలువ నాకు తెలుసు.

ఇంట్లోవాళ్ళ గురించి ఒక మాట. మీలో ఎవరైనా తమ్ముడికో, భర్తకో, కొడుక్కో తలుపు వేసుకున్నవాళ్ళు ఉంటే, నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. దొంగతనాలు చూసి, దెబ్బలు తిని, పదిసార్లు నమ్మి, పదకొండోసారి తలుపు వేసినవాళ్ళు మీరు. మీ పిల్లల్ని కాపాడుకోవాలి. ఒక ఇల్లు ఒంటరిగా మొయ్యలేని బరువు ఇది. అందుకే ఊరంతా కలిసి మొయ్యాలని అడుగుతున్నాను.

మరి ఏం చేస్తే పనిచేస్తుంది? గుమ్మం దగ్గర అడగడం మానేసి ముందు లోపలికి రానిచ్చినవాళ్ళు ఉన్నారు. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త ఒక పని మొదలుపెట్టాడు. రోడ్ల మీద ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి, మానసిక జబ్బులు, మత్తు అలవాట్లు ఉన్నవాళ్ళకి, ముందు ఇల్లు ఇచ్చేశాడు. మందు మానితేనే అనలేదు. వైద్యానికి ఒప్పుకుంటేనే అనలేదు. అద్దెలో తన వాటా కట్టాలి, వారానికోసారి మనిషి వస్తే తలుపు తియ్యాలి. అంతే. అందరూ ఏమన్నారో ఊహించగలరు కదా, నెలలో ఇల్లు పాడుచేసి పోతారన్నారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే 88 శాతం మంది ఇళ్ళల్లోనే ఉన్నారు. మెట్టు మెట్టుగా అర్హత సంపాదించుకోవాల్సిన మామూలు పద్ధతిలో 47 శాతం.

ఒక నగరంలో జరిగింది కదా, అంతటా జరుగుతుందా అని అడగాలి. కెనడాలో 2009 నుంచి 2013 దాకా అయిదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో, చీటీ వేసి రెండు గుంపులు చేసి చూశారు. చివరి ఆరు నెలల్లో ముందు ఇల్లు ఇచ్చినవాళ్ళలో 62 శాతం మంది పూర్తిగా ఇంట్లోనే ఉన్నారు, మామూలు సాయం అందినవాళ్ళలో 31 శాతం. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని ప్రభుత్వ విధానంగానే చేసుకుంది. హెల్సింకీలో వరుస మంచాల షెల్టర్లనే చిన్న చిన్న ఇళ్ళుగా మార్చేశారు, ప్రతి మనిషికీ సొంత తలుపు, సొంత తాళం. 1980ల చివర అక్కడ సుమారు 20 వేల మందికి ఇల్లు లేదు. 2022 నాటికి అది 3,700 లోపుకి దిగింది. 2024లో మళ్ళీ కొంత పెరిగింది. ఒకసారి కట్టేసి వదిలేసే పని కాదిది.

మీకు అబద్ధం చెప్పను. ఇల్లు ఇస్తే తాగుడు దానంతట అది పోదు. కెనడాలో కూడా మత్తు వాడకం విషయంలో రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. ఇల్లు జబ్బుని నయం చెయ్యదు. జబ్బుని నయం చేసుకోవడానికి కావలసిన మంచాన్ని ఇస్తుంది. డాక్టర్ చెప్పిన తారీకు గోడకి అంటించుకోవడానికి ఒక గోడ ఇస్తుంది. వైద్యం వేరే ఇవ్వాలి, మనుషులు వేరే కావాలి.

పేదరికం సంగతి కూడా ఇంచుమించు ఇలాగే తేలింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో అందరికంటే అడుగున ఉన్న కుటుంబాలకి ఒకే ఒక్క సాయం కాకుండా కొన్ని కలిపి ఇచ్చింది. ఒక పశువో కోళ్ళో, వాటిని పెంచడం నేర్పడం, అవి ఆదాయం ఇచ్చేదాకా తిండికి కాస్త డబ్బు, పొదుపు ఖాతా, వైద్యం, వారం వారం ఇంటికి వచ్చి మాట్లాడే ఒక మనిషి. ఆ "తిండికి కాస్త డబ్బు" గమనించారా? నేను ఇందాక చెప్పిన ముప్పై అయిదు రోజులు అదే. తర్వాత ఆరు దేశాల్లో పదివేలకి పైగా కుటుంబాలతో దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల ఆ కుటుంబాలు నిలబడే ఉన్నాయి. హోండురాస్‌లో మాత్రం అలా నిలవలేదు. చాలామంది కోళ్ళు ఎంచుకున్నారు, ఆ కోళ్ళకి రోగం వచ్చి పోయాయి. నాకు ఆ కోళ్ళు ఎప్పుడూ గుర్తుంటాయి. అన్నీ సరిగ్గా చేసిన మనిషి కూడా ఒక కోళ్ళ రోగంతో మొదటికి రావచ్చు. అతన్ని సోమరి అనగలమా?

ఆ సంచి మనిషి ఏమయ్యాడో చెప్పి ఆపేస్తాను, టైం అయిపోతోందని సైగ చేస్తున్నారు.

మేం ముందు మా రూలు మార్చుకున్నాం. షెల్టర్‌లో ఇనప పెట్టెలు పెట్టించాం, తాళంతో సహా. పనికి వెళ్ళేవాళ్ళకి రాత్రి పదిదాకా మంచం ఆపి ఉంచుతున్నాం. తాగి వచ్చినవాళ్ళని బయటికి పంపకుండా వేరే గదిలో పడుకోబెడుతున్నాం. ఇది తేలిక కాదు, మానేసే ప్రయత్నంలో ఉన్నవాళ్ళకి ఇబ్బంది అవుతోంది, వాళ్ళు నాతో గొడవపడుతున్నారు, వాళ్ళదీ న్యాయమే. ఇంకా దారి వెతుక్కుంటూనే ఉన్నాం.

ఆయనకి కొందరం కలిసి ఒక గది చూశాం. మూడో నెలలో మళ్ళీ తాగాడు. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. నేను వెళ్ళి తలుపు కొట్టాను. చాలాసేపటికి తీశాడు. గది శుభ్రంగా ఊడ్చి ఉంది. గుమ్మం పక్కన సంచి సర్ది, నైలాన్ తాడు కట్టేసి ఉంది. "ఖాళీ చేసేస్తానక్కా, తాళంచెవి మీకిచ్చి పోదామని ఆగాను" అన్నాడు. ఎవరు ఖాళీ చెయ్యమన్నారు అన్నాను. ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు, నా మొహంలోకి అలా చూస్తూ నిలబడ్డాడు. తాగితే పోవాలి కదా అన్నాడు. డాక్టర్ దగ్గరికి పోవాలి, పద అన్నాను.

తర్వాత ఇంకోసారి కూడా తాగాడు. ఈసారి తనే ఫోన్ చేశాడు. కానీ ఆ సంచి మాత్రం చాలా నెలలు గుమ్మం పక్కనే ఉంది, విప్పలేదు. బట్టలు అందులోంచే తీసుకుని అందులోనే పెట్టేవాడు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూశాను, కాగితాలు అల్మరాలో ఉన్నాయి. సంచి ఉతికి దండెం మీద వేశాడు. పనికి వెళ్ళేటప్పుడు టిఫిన్ డబ్బా పెట్టుకోవడానికి పనికొస్తుందట.

మీ దగ్గర నేను డబ్బు అడగను. బయటికి వెళ్ళే తలుపు పక్కన బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంది. సెంటర్ నుంచి విడుదలైనవాళ్ళకి మొదటి రెండు వారాలు తోడుగా వెళ్ళేవాళ్ళు మాకు కావాలి. ఆసుపత్రికి, ఆఫీసుకి, క్యూలో పక్కన నిలబడడానికి. వారానికి ఒక పూట ఇవ్వగలిగినవాళ్ళు పేరు, వీలైన రోజు రాసి వెళ్ళండి. పెన్ను అక్కడే ఉంది. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.